వెండి నగలు, వెండి సామాను: తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారం కొనేటప్పుడు క్యారెట్లు, హాల్‌మార్కు, తరుగు అన్నీ గుచ్చిగుచ్చి అడిగే మన ఇళ్లలోనే వెండి కొనేటప్పుడు తూకం తప్ప మరేమీ చూడని అలవాటు ఉంది. వెండి చవక గదా అన్న ధీమాతో మొదలైన అలవాటు అది. ఇప్పటి ధరల్లో దానికి ఆధారం లేదు. పెళ్లికి, బాలసారకు, గృహప్రవేశానికి వెండి కొనేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు, అడగవలసి ఉండీ అడగని కొన్నింటికి ఇక్కడ సమాధానాలున్నాయి.

వెండిని విలువైన లోహమని ఎందుకు అంటారు?

భూమిలో తక్కువగా దొరకడం, గాలికీ నీటికీ తుప్పు పట్టకపోవడం, కరిగించి ఎన్నిసార్లు పోతపోసినా గుణం చెడకపోవడం అన్న మూడు లక్షణాలూ కలిసిన లోహాలను విలువైన లోహాలంటారు. బంగారం, ప్లాటినంలతో పాటు వెండికీ ఆ లక్షణాలున్నాయి. వెండి పరమాణు సంఖ్య 47, సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు, ద్రవీభవన స్థానం సుమారు 962 డిగ్రీల సెల్సియస్. బంగారం సాంద్రత 19.3 కాబట్టి ఒకే పరిమాణంలో ఉన్న రెండు గాజుల్లో బంగారుది దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది.

వేడినీ విద్యుత్తునూ ప్రసరింపజేయడంలో లోహాలన్నిటిలోనూ వెండిదే మొదటి స్థానం. కంటికి కనిపించే కాంతిని తిప్పికొట్టడంలోనూ దాన్ని మించిన లోహం లేదు. కొత్త వెండి పళ్లెంలో కనిపించే ఆ తెల్లని మెరుపు మెరుగు పెట్టిన పనివాడి గొప్పతనం కొంత, లోహం గొప్పతనం కొంత. వెండి ఎక్కువగా దానికోసమే తవ్విన గనుల నుంచి రాదు. సీసం, జింకు, రాగి, బంగారం తీసేటప్పుడు ఉపఉత్పత్తిగా వస్తుంది. మన దేశంలో గని నుంచి వచ్చే వెండిలో చాలా భాగం రాజస్థాన్‌లోని సీసం–జింకు గనులదే. ప్రపంచంలో అత్యధికంగా వెండిని తీసే దేశం మెక్సికో.

పూర్తి స్వచ్ఛమైన వెండితోనే నగలు ఎందుకు చేయరు?

మేలిమి వెండి చాలా మెత్తన. దానితో చేసిన మెట్టె నాలుగు రోజులు నడిస్తే సాగి వదులవుతుంది, పట్టీల కొక్కెం విడిపోతుంది. అందుకే గట్టిదనం కోసం మరో లోహాన్ని, సాధారణంగా రాగిని, కొద్దిగా కలుపుతారు. ఈ కలపడం మోసం కాదు, అవసరం. ఎంత కలిపారో చెప్పకపోవడమే మోసం. పూజ గిన్నెలు, నాణేలు, కడ్డీలు వంటి కదలికా రాపిడీ తక్కువగా ఉండే వస్తువులకు మాత్రం 99 శాతానికి పైబడిన వెండిని వాడవచ్చు.

925 అంటే ఏమిటి? దుకాణంలో ‘టచ్’ అని చెప్పేది, ఇదీ ఒకటేనా?

925 అంటే వెయ్యి పాళ్ల లోహంలో 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు రాగి వంటి ఇతర లోహం. దీనినే స్టెర్లింగ్ వెండి అంటారు. ప్రపంచమంతటా నగలకు ఇది ఒక ప్రమాణంగా స్థిరపడింది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవారు అక్కడ కొనే వెండి గొలుసు మీద కూడా ఇదే అంకె కనిపిస్తుంది.

టచ్ అన్నది మన బజారు మాట. ఒరగల్లు మీద గీసి నాణ్యం చూసే పాత పద్ధతి నుంచి వచ్చిన ఈ మాటను ఇప్పుడు నూటికి ఎన్ని పాళ్లు వెండి ఉందో చెప్పడానికి వాడుతున్నారు. 80 టచ్ అంటే నూటికి 80 పాళ్లు వెండి, అంటే హాల్‌మార్కు భాషలో 800. కాబట్టి రెండూ ఒకే సంగతిని రెండు కొలతల్లో చెప్పడమే. తేడా ఎక్కడంటే, 925 అన్న అంకె వస్తువు మీద చెక్కి ఉంటుంది, టచ్ అమ్మేవారి నోటిమాటగానే మిగిలిపోతుంది. పట్టీల వంటి రోజువారీ వస్తువుల్లో 80 కన్నా, ఒక్కోసారి 70 కన్నా తక్కువ టచ్ ఉన్న సరుకు కూడా చెలామణీలో ఉంటుంది. దాన్ని అమ్మడం వేరు, దాన్ని మేలిమి వెండి ధరకు అమ్మడం వేరు. ‘టచ్ ఎంత? బిల్లు మీద రాసిస్తారా?’ అని అడిగితే చాలు, సగం సందేహం అక్కడే తీరిపోతుంది. రాసివ్వడానికి తటపటాయిస్తే మిగతా సగమూ తీరుతుంది.

వెండికి హాల్‌మార్కు ఉందా? తప్పనిసరా?

ఉంది, కానీ తప్పనిసరి కాదు. బంగారు నగలకు హాల్‌మార్కును 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. వెండికి భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) హాల్‌మార్కు ఎంతోకాలంగా ఉన్నా, అది వర్తకుడి ఇష్టానికే విడిచిపెట్టిన వ్యవహారం. 2025 సెప్టెంబరు 1 నుంచి బంగారానికి ఉన్నట్లే వెండికీ ఒక్కో వస్తువుకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. సంఖ్యను ప్రవేశపెట్టారు, అదీ స్వచ్ఛందమే. అలా గుర్తు వేసిన వస్తువు మీద ప్రమాణాల సంస్థ చిహ్నం, స్వచ్ఛత అంకె, ఈ సంఖ్య ఉంటాయి. బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ సంఖ్యను కొడితే దాని వివరాలు కనిపిస్తాయి. వెండికి 800, 835, 925, 970, 990 వంటి స్థాయిలున్నాయి.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. వస్తువు మీద 925 అని అచ్చు కొట్టి ఉంటే అదే హాల్‌మార్కు అనుకుంటారు. ఆ అంకెను తయారుచేసినవారు ఎవరైనా కొట్టుకోవచ్చు. పరీక్షా కేంద్రంలో నాణ్యం చూసి వేసిన గుర్తుకు మాత్రమే హాల్‌మార్కు అని పేరు.

జర్మన్ సిల్వర్‌లో వెండి ఎంత ఉంటుంది?

అసలు ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. రంగు మాత్రమే వెండిది. పేరంటాల్లో పంచిపెట్టే కుంకుమ భరిణెలు, పళ్లేలు, దీపపు కుందుల్లో చాలావరకు ఇవే. చూడ చక్కగా ఉంటాయి, తక్కువలో వస్తాయి, కానుకగా ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ తిరిగి అమ్మితే వెండి ధర రాదు. నికెల్ పడని చర్మం ఉన్నవారు దీనితో చేసిన నగలు వేసుకుంటే దురద, దద్దురు రావచ్చు.

వెండి అసలుదో కాదో ఇంట్లో తెలుసుకోగలమా?

నకిలీని పట్టుకోవచ్చు, స్వచ్ఛతను కచ్చితంగా తేల్చలేము. ఈ రెండూ వేర్వేరు సంగతులని గుర్తుంచుకుంటే ఇంటి పరీక్షల విలువ, పరిమితి రెండూ అర్థమవుతాయి.

అయస్కాంతం దగ్గర పెడితే వెండి అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుమో మరొకటో ఉన్నట్లే. అయితే రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్, సీసం కూడా అంటుకోవు కాబట్టి అంటుకోకపోవడం ఏ రుజువూ కాదు. మంచుగడ్డ పరీక్ష గురించి కూడా వినే ఉంటారు. వెండి పళ్లెం మీద పెట్టిన మంచుగడ్డ చప్పున కరగడం మొదలవుతుంది, ఎందుకంటే వెండి వేడిని అంత వేగంగా అందిస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ రాగి కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది.

కొంత నమ్మదగినది నీటి తూకం. వంటింటి డిజిటల్ కాటా మీద సగం నీళ్లున్న గిన్నె పెట్టి కాటాను సున్నా చేయండి. ముందే విడిగా తూచిన వస్తువును దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం. బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నూరు గ్రాముల మేలిమి వెండి సుమారు 9.5 గ్రాములు చూపుతుంది, జర్మన్ సిల్వర్ అయితే పదకొండున్నర దాకా పోతుంది. ఇంత తేడా ఉంది కనుక నకిలీ దొరికిపోతుంది. కానీ 925 వెండికి 9.65, 800 వెండికి 9.86 చూపుతుంది, ఆ తేడా వంటింటి కాటాకు అందేది కాదు. పైగా బోలుగా ఉన్న గజ్జెలు, లోపల లక్క నింపిన కడియాలు, రాళ్లు పొదిగిన నగలు ఈ లెక్కకు లొంగవు.

స్వచ్ఛత అంకె కచ్చితంగా కావాలంటే ఎక్స్‌రే యంత్రం ఉన్న పరీక్షా కేంద్రానికి వెళ్లడమే మార్గం. వస్తువును కోయకుండా, గీయకుండా నిమిషాల్లో చెబుతుంది. అయితే ఆ యంత్రం చూసేది పైపొరనే. మందంగా వెండిపూత వేసిన వస్తువైతే అదీ పొరపడుతుంది. అనుమానం ఉన్నచోట కరిగించి చూడటమే చివరి మాట. స్వర్ణకారులు వాడే ఆమ్ల పరీక్షలో నైట్రిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో ప్రయత్నించకండి.

వెండి ఎందుకు నల్లబడుతుంది? నల్లబడితే అది కల్తీదా?

కాదు. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు వంటి గంధకపు వాయువులు వెండితో కలిసి వెండి సల్ఫైడు అనే నల్లని పొరగా ఏర్పడతాయి. ఇది ఇనుపతుప్పు లాగా లోపలికి తినేసేది కాదు, పైపైన ఉండే పొర. రాగి కలిసిన వెండి ఇంకొంచెం త్వరగా రంగు మారుతుంది. చెమట, సబ్బు, సుగంధ ద్రవ్యాలు, వంటింటి పొగ, ముఖ్యంగా ఉల్లి, గుడ్డు దీనికి తోడవుతాయి. ఒకరి కాళ్లకు పట్టీలు తెల్లగా ఉండి మరొకరివి నల్లబడితే ఒంట్లో వేడి ఎక్కువనో, దృష్టి తగిలిందనో అనడం మన దగ్గర మామూలే. మనిషికీ మనిషికీ చెమటలో, వాడే సబ్బులో, చేసే పనిలో ఉండే తేడా అందుకు సరిపోయే కారణం.

రోజూ వేసుకునే వెండి బీరువాలో ఉన్న వెండికన్నా తక్కువగా నల్లబడటం కూడా చూసే ఉంటారు. ఒంటి రాపిడే దానికి మెరుగు.

ఎలా శుభ్రం చేయాలి, ఎలా దాచాలి?

కుంకుడు రసమో మామూలు సబ్బు నీళ్లో, మెత్తని గుడ్డ, ఇవి చాలావరకు సరిపోతాయి. మన ఇళ్లలో పూజ సామాను తోమడానికి వాడే విభూతి మెత్తని పొడి కాబట్టి దానితోనూ ఇబ్బంది లేదు. చింతపండుతో తోమితే వెంటనే పులుపంతా పోయేలా కడిగి, తడి లేకుండా తుడవాలి. పళ్లపొడి, టూత్‌పేస్టు మాత్రం వద్దు. వాటిలోని గరుకు కణాలు సన్నని గీతలు పెడతాయి, ఆ గీతల్లో మళ్లీ నలుపు చేరుతుంది.

బాగా నల్లబడిన సాదా వస్తువులకు ఒక తేలిక ఉపాయముంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వెండి దాని మీద ఆనేలా పెట్టి, వంటసోడా కలిపిన మరుగునీళ్లు పోయాలి. వెండిని పట్టుకున్న గంధకం అల్యూమినియం మీదికి మారిపోతుంది, వెండి వెండిగా తిరిగివస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే కంగారు పడనవసరం లేదు. తోమడంలో ప్రతిసారీ వెండి కొంత అరిగిపోతుంది, ఈ పద్ధతిలో అరగదు. కానీ ముత్యాలు, రాళ్లు ఉన్నవాటికి, కావాలని నలుపు ఎక్కించిన నగలకు ఇది పనికిరాదు.

దాచేటప్పుడు తడి లేకుండా తుడిచి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరబడని సంచిలో పెట్టండి. చెంచాల కట్టకు రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి బ్యాండు ఉన్నంత మేరా నల్లని గీత పడుతుంది. ఉన్ని బట్టలతోనూ ఇదే చిక్కు. దుకాణంలో మెరుగు పెట్టించేటప్పుడు ఇచ్చేముందూ తీసుకున్నాకా మీ ఎదుటే తూయించండి. కొద్దిపాటి తరుగు సహజం, గ్రాముల్లో తగ్గితే అడగవలసిందే.

కాళ్లకు వెండే ఎందుకు పెట్టుకుంటారు?

బంగారం లక్ష్మీ స్వరూపం కాబట్టి నడుము కిందికి ధరించకూడదన్నది మన పెద్దల నమ్మకం. ఆచారం పక్కనపెట్టి చూసినా, నేలకూ నీటికీ రాపిడికీ గురయ్యే చోట తులాల కొద్దీ బంగారం అరగదీసుకోవడం ఎవరికి మాత్రం గిట్టుబాటు? తక్కువ ధరలో ఎక్కువ బరువు, మోత, మెరుపు ఇవ్వగలిగింది వెండే. అందుకే కాళ్లకు సంబంధించిన మన నగల పేర్లన్నీ వెండి చుట్టూ అల్లుకున్నాయి: పట్టీలు, తెలంగాణలో పట్టగొలుసులు, కడియాలు, అందెలు, గజ్జెలు, మెట్టెలు, పిల్లేళ్లు. కాళ్లతోనే ఆగిపోలేదు. చంటిపిల్లల మొలతాడు, చేతి మురుగులు, ఉగ్గుగిన్నె వెండివి చేయించడం ఇప్పటికీ మేనమామలకో అమ్మమ్మ ఇంటివారికో ఒక ముచ్చట. పూర్వం రైతు కుటుంబాల స్త్రీలు ధరించిన దండకడియాలు, వెండి వడ్డాణాలు చాలావరకు కరిగిపోయి బంగారంగా మారాయి. లంబాడీ స్త్రీల వెండి నగల సంప్రదాయం మాత్రం తండాల్లో పెద్దవారి ఒంటిమీద ఇంకా కనిపిస్తుంది.

మెట్టెలు పెళ్లయిన స్త్రీకి గుర్తు. అనేక కుటుంబాల్లో వధువు పాదాన్ని సన్నికల్లు మీద పెట్టించి వరుడి చేత తొడిగిస్తారు. రెండో వేలి నరం గర్భాశయానికి కలుస్తుందని, వెండి భూమిలోని శక్తిని లాగి ఒంటికి ఇస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలకు వైద్యపరమైన ఆధారం లేదు. ఆచారానికి ఆచారంగా ఉన్న గౌరవం చాలు. లేని శాస్త్రాన్ని దానికి తగిలించనవసరం లేదు. మెట్టెలు బిగుతుగా ఉంటే వేలు ఒరుసుకుపోతుంది, వాపు వచ్చినప్పుడు తీయడం కష్టమవుతుంది. అందుకే చుట్టూ మూసుకుపోయిన వాటికన్నా సర్దుకోవడానికి వీలుగా కింద తెరిపి ఉన్నవి మేలు.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ ప్రత్యేకత ఏమిటి?

సన్నని వెండి తీగలతో అల్లికలా చేసే పని ఇది. సుమారు రెండు శతాబ్దాలుగా కరీంనగర్ ప్రాంతంలో, మొదట ఎలగందులలో, తరువాత కరీంనగర్ పట్టణంలో సాగుతోంది. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒడిశాలోని కటక్‌లో ఇలాంటి పనినే తారకాసి అంటారు. దానికి ఆ గుర్తింపు 2024లో వచ్చింది.

ఈ పనికి వెండి మెత్తగా ఉండాలి కాబట్టి మేలిమికి దగ్గరగా ఉన్నదే వాడతారు. నగలకు లోపమని చెప్పుకున్న మెత్తదనం ఇక్కడ గుణం. ఒక గ్రాము వెండిని కిలోమీటరుకు మించిన తీగగా సాగదీయవచ్చునన్నది లోహం సత్తా. కరిగించిన వెండిని కడ్డీగా పోసి, కమ్మచ్చు అనే పలకలోని రంధ్రాల గుండా పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా లాగుతూ వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు తీగలను కలిపి పురిపెట్టి, కొద్దిగా చదును చేస్తారు. ఆ పురి వల్లనే అంచున చిన్నచిన్న పూసలు పేర్చినట్లు మెరుపు వస్తుంది. కాస్త లావు తీగతో ముందుగా ఆకు, పువ్వు, నెమలి వంటి చట్రం కట్టి, దాని ఖాళీల్లో ఈ సన్నతీగను సుళ్లుగా, వంకీలుగా తిప్పి నింపుతారు. తరువాత టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపిస్తారు. కష్టమంతా ఇక్కడే. టంకం కరిగే వేడికీ, ఆ సన్నని తీగే కరిగి ముద్దయ్యే వేడికీ మధ్య ఉన్న దూరం తక్కువ. రోజుల పని ఒక్క క్షణంలో పోవచ్చు. అత్తరు దాన్లు, తాంబూలపు పెట్టెలు, పళ్లేలు, చెవి కమ్మలు, లాకెట్లు ఈ పద్ధతిలో చేస్తారు.

కొనేవారికి ఒక మాట. ఫిలిగ్రీ వస్తువులో తూకానికి వచ్చే వెండి తక్కువ, పనితనం విలువ ఎక్కువ. గ్రాముకు ఇంత అని లెక్కేసి ఇది ఖరీదెక్కువని పెదవి విరిచేవారు పట్టుచీరను కిలోల్లో తూచి కొనాలనుకునేవారి లాంటివారు. అదే సమయంలో దీన్ని పెట్టుబడిగా కొనకూడదన్నదీ నిజమే, ఎందుకంటే తిరిగి అమ్మినప్పుడు పనితనానికి ఎవరూ కాటా పెట్టరు. శుభ్రం చేసేటప్పుడు గట్టి కుంచెతో తోమకండి. సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తని కుంచెతో అద్ది, ఫ్యాను గాలికి ఆరబెట్టండి.

ఆక్సిడైజ్డ్ వెండి, రోడియం పూత, బంగారు పూత అంటే?

ఆక్సిడైజ్డ్ అన్న పేరు ఉన్నా అక్కడ జరిగేది ఆక్సీకరణం కాదు. గంధకపు ద్రావణంలో ముంచి కావాలనే నలుపు ఎక్కించి, ఎత్తుగా ఉన్నచోట్ల తుడిచి పాత నగల రూపం తెప్పిస్తారు. ఆ పేరుతో తక్కువ ధరకు అమ్ముతున్న నగల్లో చాలావాటిలో వెండే ఉండదు. రోడియం అనే ఖరీదైన లోహపు పల్చని పూత వేస్తే వెండి నల్లబడకుండా ఉంటుంది, అరిగాక మళ్లీ వేయించుకోవాలి. వెండి మీద బంగారు పూత వేసిన నగలు పెళ్లిళ్లలో ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి. వాటిలో అడుగున ఉన్నది వెండా, ఇత్తడా అన్నది బిల్లు మీద ఉండి తీరాలి.

వెండి గిన్నెలో తినడం, వెండి రేకు తినడం సురక్షితమేనా?

వెండి గిన్నెలో ఉగ్గు, పాలు, అన్నం పెట్టడంలో ప్రమాదమేమీ లేదు. వెండి అయాన్లకు సూక్ష్మజీవులను అదుపు చేసే గుణం ఉన్న మాట నిజం, కానీ గిన్నె కడగనక్కరలేదన్న భరోసా దానివల్ల రాదు. పుల్లని పచ్చళ్లు, ఉప్పు ఎక్కువగా ఉన్నవి వెండి పాత్రలో నిల్వ ఉంచకండి. ఉప్పు వెండిని తింటుంది. పాతవి, టచ్ తెలియనివి అయితే పిల్లల వాడకానికి తీసుకునే ముందు పరీక్ష చేయించడం మంచిది. పాత టంకాల్లో కాడ్మియం వంటి హానికరమైన లోహాలు ఉండే అవకాశముంది.

మిఠాయిల మీద, హైదరాబాదులో పాన్ మీద అద్దే వరక్ వెండిని రేకుగా కొట్టినది. ఆహార నిబంధనల ప్రకారం అందులో వెయ్యికి 999 పాళ్ల వెండి ఉండాలి. జంతు సంబంధమైన పదార్థాల మధ్య పెట్టి కొట్టిన రేకును వాడకూడదని 2016లో నిబంధన తెచ్చారు. వెండి భస్మాలనూ ద్రావణాలనూ సొంత వైద్యంగా దీర్ఘకాలం సేవించడం మాత్రం వద్దు. చర్మం శాశ్వతంగా నీలిబూడిద రంగుకు మారిపోయే ఆర్జీరియా అన్న స్థితి దానివల్ల వస్తుంది.

ఇంట్లో పాత వెండి రూపాయలున్నాయి. కరిగించి నగ చేయించుకోవచ్చా?

తొందరపడకండి. 1835 తరువాతి బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి; అంటే ఒక్కో నాణెంలో దాదాపు 10.7 గ్రాముల మేలిమి ఉంది. 1940లో వెండిని 50 శాతానికి తగ్గించారు, 1947లో పూర్తిగా తీసేసి నికెల్‌తో కొట్టారు. నిజాం హాలీ సిక్కా చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అదీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 50 శాతానికి పడిపోయింది. కాబట్టి అమ్మే ముందు నాణెం మీది సంవత్సరం చూడటం అవసరం. కొన్ని సంవత్సరాల నాణేలకు సేకరణకర్తల దగ్గర వెండి ధర కన్నా ఎక్కువే వస్తుంది. చింతపండుతో తళతళలాడేలా తోమిన నాణేనికి ఆ అదనపు విలువ పోతుంది.

మన తులం లెక్క కూడా ఈ రూపాయి నుంచే వచ్చింది. రూపాయి ఎత్తు ఒక తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు బజారులో తులం అంటే చాలాచోట్ల పది గ్రాములే. పెద్దలు ‘ఇరవై తులాల కడియాలు’ అంటే 233 గ్రాములు, దుకాణదారు అదే మాట అంటే 200 గ్రాములు. ఈ తికమక లేకుండా గ్రాముల్లోనే మాట్లాడుకోండి.

కొన్న వెండిని తిరిగి అమ్మితే ఎందుకంత తక్కువ వస్తుంది?

లెక్క సులువు కోసం మేలిమి వెండి గ్రాము వంద రూపాయలు అనుకుందాం. మీరు నూరు గ్రాముల పట్టీలు కొన్నారు. వాటి టచ్ 65, కానీ ధర వేసింది మేలిమి ధరకే. వెండికి పదివేలు, మజూరీ వెయ్యి, మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ 330 కలిపి 11,330 రూపాయలు కట్టారు. అయిదేళ్లకు ధర కదలకుండా అలాగే ఉందనుకుని అమ్మకానికి తీసుకువెళితే వాటిలో ఉన్న వెండి 65 గ్రాములే కాబట్టి వచ్చేది 6,500, అందులోనూ కరిగింపు తరుగు పోతుంది. అదే మీరు 925 హాల్‌మార్కు పట్టీలు కొని, వెండికి 9,250, మజూరీ ఎక్కువగా రెండు వేలు, జీఎస్టీ 337 కలిపి 11,587 ఇచ్చి ఉంటే, తిరిగి వచ్చేది 9,250కి దగ్గరగా ఉండేది. కొన్ననాడు తేడా 257 రూపాయలు, అమ్మిననాడు తేడా 2,750.

మజూరీ తక్కువ అన్న మాటకు మురిసి చాలామంది పైన మొదట చెప్పిన 65 టచ్ బేరంలో పడతారు. మా ఇంట్లోనూ అమ్మ పట్టీలు మార్చబోయిన రోజే ఈ పాఠం తెలిసింది. కొన్న బిల్లు మీద ‘వెండి పట్టీలు’ అన్న రెండు మాటలు, తూకం తప్ప మరేమీ లేవు. బిల్లులో నికర బరువు, స్వచ్ఛత, ఆ రోజు ధర, మజూరీ, పన్ను విడివిడిగా ఉండాలి. రాళ్లు, లక్క, పూసల బరువు తీసేసి వెండిని తూయాలి. తిరిగి కొనేటప్పుడు ఏ లెక్కన కొంటారో కొనేనాడే రాయించుకోవాలి.

వెండి ధర అంతగా ఎగసిపడటానికి కారణమేమిటి?

వెండి సగం నగ, సగం పరికరం. సౌరఫలకాలు, ఎలక్ట్రానిక్ వస్తువులు, విద్యుత్ స్విచ్చులు వంటి పారిశ్రామిక వాడకమే ప్రపంచ గిరాకీలో సగానికి పైగా ఉంది. గిరాకీ పెరిగినా సరఫరా వెంటనే పెరగదు, ఎందుకంటే మొదట చెప్పుకున్నట్లు అది ఎక్కువగా జింకు, సీసం, రాగి వెంట వచ్చే లోహం. బంగారంతో పోలిస్తే దాని మార్కెట్టు చిన్నది కూడా, కొద్దిపాటి డబ్బు కదిలినా ధర ఊగుతుంది. అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగుచేయడంతో 1980 జనవరిలో ఔన్సు (31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సు) ధర 50 డాలర్ల దాకా ఎగబాకి, అదే ఏడాది మార్చి నాటికి కుప్పకూలింది. ఆ స్థాయిని స్పష్టంగా దాటడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. మన దగ్గర అంతర్జాతీయ ధరకు రూపాయి మారకం, దిగుమతి సుంకం, జీఎస్టీ తోడవుతాయి.

వెండి మీద అప్పు దొరుకుతుందా?

దొరుకుతుంది. బంగారం, వెండి తాకట్టు రుణాలపై రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 2026 ఏప్రిల్ 1 నుంచి వెండి నగలు, నాణేల మీద నియమబద్ధంగా రుణాలు ఇవ్వవచ్చు. ఒక్కొక్కరికి పరిమితి నగలైతే పది కిలోలు, నాణేలైతే 500 గ్రాములు. కడ్డీల మీద ఇవ్వరు. రెండున్నర లక్షల లోపు రుణానికి తాకట్టు విలువలో 85 శాతం వరకు, ఐదు లక్షల లోపు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. విలువ కట్టేది తూకానికి కాదు, అందులోని వెండికి. మజూరీ, రాళ్లు లెక్కలోకి రావు. పరీక్ష మీ సమక్షంలోనే జరగాలి, నికర బరువు, స్వచ్ఛత రాసిన కాగితం మీకు ఇవ్వాలి. అప్పు తీసుకోకపోయినా కొన్ననాటి బిల్లును వస్తువుతో పాటే బీరువాలో ఉంచండి.